నర్సు అడిగే ప్రశ్న: నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఆరోగ్య పరిశీలన, రోగికి బోధన

వరి నాట్ల కాలం వచ్చిందంటే కుందూ పక్కన, కేసీ కాలువ కింద ఉన్న పల్లెల్లో పాము కాట్ల భయం మొదలవుతుంది. అన్నిటిలోకీ పసిగట్టడం కష్టమైనది కట్లపాము కాటు. కరిచిన చోట వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు, కోరల గుర్తు కూడా కనిపించకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. వాంతులవుతాయి. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు. ఆసుపత్రిలో కూడా మామూలు కడుపునొప్పిగా రాసేసుకునే ప్రమాదం ఉంది. అప్పుడు డ్యూటీలో ఉన్న నర్సు "రాత్రి యాడ పడుకున్నావప్పా? మంచం మీదనా, కిందనా?" అని అడిగిందనుకోండి. ఆ ఒక్క ప్రశ్నతో కేసు దారి మారుతుంది. ఊపిరి కండరాలు పడిపోయే లోపల విషానికి విరుగుడు మందు, అవసరమైతే వెంటిలేటరు అందే అవకాశం పెరుగుతుంది.

ఆ ప్రశ్న ఇంకో పని కూడా చేస్తుంది. పక్కన నిలబడ్డ భార్యకు, తమ్ముడికి నేల మీద పడుకోవడానికీ ఈ ఆపదకూ సంబంధం ఉందని అది అప్పుడే చెప్పేస్తుంది. ఆ తర్వాత మంచం గురించి, దోమతెర గురించి నర్సు చెప్పే మాటను వాళ్లు వేరే చెవితో వింటారు. అడగడం, నేర్పడం రెండు వేర్వేరు పనులని మన పాఠ్యపుస్తకాలు అంటాయి. రెంటికీ వేర్వేరు అధ్యాయాలు, వేర్వేరు మార్కులు, కేస్ షీట్‌లో వేర్వేరు పేజీలు. మంచం దగ్గర మాత్రం అవి ఒకే పని. ఈ రంగంలో గత డెబ్బై ఏళ్లుగా వచ్చిన ఆలోచనలనూ పరిశోధనలనూ నంద్యాల, ఆళ్లగడ్డ పరిస్థితుల పక్కన పెట్టి చూస్తే లోపం ఎక్కువగా కనిపించేది ఈ విడదీతలోనే.

నర్సింగ్ అంటే డాక్టరు రాసింది చేయడం మాత్రమే కాదు, ముందు పరిశీలించి, ఆలోచించి, చేసి, చేసినదాని ఫలితం చూడాలి అన్న భావన అమెరికాలో 1950లలో రూపం తీసుకుంది. లిడియా హాల్ 1955లో దానికి నర్సింగ్ ప్రక్రియ అని పేరు పెట్టింది. ఇడా జీన్ ఓర్లాండో 1961లో రోగికీ నర్సుకూ మధ్య జరిగే సంభాషణే ఆ ప్రక్రియకు మూలమని వాదించింది. 1967లో యూరా, వాల్ష్ దాన్ని మెట్లుగా విడగొట్టారు. మెట్లు అనగానే ఫారాలు వచ్చాయి. మార్జరీ గోర్డన్ 1982లో తిండి, నిద్ర, విసర్జన, నమ్మకాలు, కుటుంబ సంబంధాలు మొదలైన 11 అంశాల చట్రం ఇచ్చింది. మన దగ్గర చాలా కాలేజీల్లో విద్యార్థులు చరిత్ర రాసుకునేది దాదాపు ఆ వరసలోనే. రోగికి బోధించడం మీద బార్బరా రెడ్మన్ పుస్తకం 1968లో వచ్చింది. అంటే ఈ రెండు పాయలూ దాదాపు ఒకే కాలంలో పుట్టి, పక్కపక్కనే పారుతూ, పెద్దగా కలవకుండానే మనదాకా వచ్చాయి. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్ పద్ధతికి మార్చినప్పుడు రెండో సెమిస్టర్‌లో హెల్త్ అసెస్‌మెంట్‌ను ప్రత్యేక మాడ్యూల్‌గా చేర్చింది. మంచి పనే. అయితే ఆ మాడ్యూల్ చాలావరకు చూడటం, తడమటం, తట్టటం, వినటం అనే నాలుగు పద్ధతుల చుట్టూ తిరుగుతుంది. అడగటం ఒక నైపుణ్యమని, అదీ ఏళ్ల తరబడి సాధన చేయాల్సిన నైపుణ్యమని దానిలో తేలిగ్గా కనిపించదు.

పరిశీలన సంగతి ముందు చూద్దాం. ఏ వార్డులోనైనా టీపీఆర్ చార్టు తెరిస్తే జ్వరం అంకెలు మారుతుంటాయి, నాడి అంకెలు మారుతుంటాయి. శ్వాస గడిలో మాత్రం ఎక్కువమందికి 18 లేదా 20 ఉంటుంది. ఇది నంద్యాలకో కర్నూలుకో ప్రత్యేకమైన జబ్బు కాదు. 2008లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం శ్వాస రేటును నిర్లక్ష్యానికి గురైన సూచికగా పేర్కొంది. మనిషి పరిస్థితి విషమించబోతోందని అందరికంటే ముందు చెప్పేది ఊపిరి వేగమే. అదే మనం లెక్కపెట్టకుండా రాసే అంకె. ఇక్కడొక విచిత్రం ఉంది. చంటిబిడ్డకు న్యుమోనియా అనుమానం వస్తే పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలని పల్లెలో ఆశా కార్యకర్తకు నేర్పుతాం. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 దాటితే ప్రమాదం అని ఆమె నోటికి చెప్పగలదు. వార్డులో మాత్రం నిమిషం దొరకదు.

గడులు పెంచితే పరిశీలన మెరుగవుతుందన్న నమ్మకం కూడా పరీక్షకు నిలవలేదు. అమెరికాలో 1995 నుంచి నొప్పిని ఐదో ప్రాణసూచికగా రాయాలన్న ఉద్యమం నడిచింది. నొప్పిని పట్టించుకోవాలన్న ఉద్దేశం మంచిదే. చివరకు మిగిలింది సున్నా నుంచి పది వరకు ఒక అంకె, ఆ అంకెను తగ్గించడానికి నల్లమందు జాతి మాత్రలు. అక్కడి వైద్యుల సంఘమే 2016లో నొప్పిని ప్రాణసూచికల జాబితా నుంచి తీసేయాలని తీర్మానించింది. నొప్పి ఎక్కడుంది, ఎప్పుడు పెరుగుతుంది, అది ఉంటే ఏ పని చేయలేకపోతున్నారు అని అడగటానికి బదులు అంకె అడిగితే వచ్చే ఫలితం అది.

ఇంకో లోపం చర్మం రంగుది. మన నర్సులు చదివే పుస్తకాల్లో చాలా బొమ్మలు తెల్ల చర్మానివి. ఒత్తిడి పుండు మొదటి దశలో చర్మం ఎర్రబడుతుందని చదువుకుంటారు. పొలంలో పనిచేసి నల్లబడిన వీపు మీద ఎరుపు కనపడదు. అక్కడ వేడి, గట్టిదనం, చుట్టుపక్కల రంగులో తేడా చేత్తో తడిమి తెలుసుకోవాలి. రక్తహీనత కోసం ముఖం చూసి లాభం లేదు. కింది కనురెప్ప లోపల, నాలుక, అరచేయి గీతలు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే కనురెప్ప లాగి చూడటం అరుదైన పరీక్ష కాకూడదు, అలవాటు కావాలి. యంత్రాలనూ గుడ్డిగా నమ్మలేం. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు బాగానే ఉందని చూపే పొరపాటు తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. కోవిడ్ రోజుల్లో ఆ చిన్న యంత్రం మీద మనం పెట్టుకున్న భరోసా గుర్తు చేసుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆళ్లగడ్డకు వచ్చేసరికి పరిశీలనలో తప్పనిసరిగా ఉండాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఏం పని చేస్తావు? అహోబిలం దారిలో ఉన్న ఈ పట్టణం శిల్పులకు పేరుపొందింది. ఇక్కడ చెక్కిన విగ్రహాలు దూరప్రాంతాల గుడులకు వెళ్తాయి. ఉలితో చెక్కే రోజుల్లో కంటే కోత యంత్రాలు, గ్రైండర్లు వచ్చాక లేచే ధూళి మరీ సన్నది. రాతిలో సిలికా ఎంత ఉందన్నదాన్ని బట్టి ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దాని దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం క్షయను పోలి ఉంటాయి. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. చట్టం ప్రకారం అది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. బేతంచెర్ల వైపు నాపరాయి పనుల్లో ఉన్నవాళ్లను కూడా ఇదే ప్రశ్న అడగాలి. కేస్ షీట్‌లో వృత్తి అన్న చోట 'కూలి' అని రాస్తే ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. ఏ కూలి, ఏ రాయి, ఎన్నేళ్లు, ముక్కుకు ఏం కట్టుకుంటారు అని అడిగితే ఆ చివరి ప్రశ్న దగ్గరే బోధన మొదలవుతుంది. తువ్వాలు ఆ సన్నటి ధూళిని ఆపలేదని, రాయిని తడిపి కోస్తే ధూళి తగ్గుతుందని చెప్పడానికి వేరే సందర్భం వెతుక్కోనక్కర్లేదు.

పురుగుమందుల సంగతీ అంతే. పత్తికో మిరపకో మందు కొట్టి వచ్చిన మనిషికి చెమటలు, నోటి వెంట చొంగ, సూదిమొనలా చిన్నబోయిన కంటిపాపలు ఉంటే నర్సు చూపు దాన్ని పట్టుకోవాలి. విషం తడిసిన బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించాలి. ఆ బట్టలు ఉతికేది ఇంట్లో ఆడమనిషి కాబట్టి ఆమెకూ జాగ్రత్త చెప్పాలి. నర్సు జాగ్రత్త మీదే నిలిచే మరో పని రక్తపింజర కాటులో వాడే 20 నిమిషాల పరీక్ష. కొత్త, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. సబ్బు నీళ్లతో కడిగిన గొట్టం వాడితే ఫలితం తప్పుతుంది. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది పాము కాటుతో చనిపోయారని మిలియన్ డెత్ స్టడీ అంచనా వేసింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యానికి మందు ఎంత ముఖ్యమో, ఆ గాజు గొట్టం దగ్గర 20 నిమిషాలు నిలబడే నర్సూ అంతే ముఖ్యం.

ఇక బోధన. మన నర్సింగ్ విద్యలో దీనికి పెట్టిన పేరు హెల్త్ టాక్. విద్యార్థిని లెసన్ ప్లాన్ రాస్తుంది, లక్ష్యాలు రాస్తుంది, రాత్రంతా కూర్చుని చార్టులు, ఫ్లాష్ కార్డులు రంగురంగులుగా వేస్తుంది. వార్డులో పది మంచాల మధ్య నిలబడి పావుగంట చెబుతుంది. మేడం వెనక నిలబడి మార్కులు వేస్తుంది. రోగులు వింటారు, కొందరు నిద్రపోతారు. చార్టు అందంగా ఉందా, గొంతు వినబడిందా, పరిచయం, ముగింపు ఉన్నాయా అన్నదానికి మార్కులుంటాయి. మూడో మంచం మీద ఉన్న అవ్వకు ఏం అర్థమైందన్నదానికి ఉన్నాయో లేదో చార్టు వేసిన అమ్మాయినే అడగాలి. అలా తయారైన నర్సు ఉద్యోగంలో చేరాక బోధన అంటే ఉపన్యాసం అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు.

పరిశోధన ఈ పద్ధతి మీద కనికరం చూపలేదు. వైద్యులు చెప్పిన సమాచారంలో 40 నుంచి 80 శాతం రోగి వెంటనే మర్చిపోతాడని, గుర్తున్నదాంట్లో దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని 2003లో ఒక సమీక్ష తేల్చింది. అదే ఏడాది అమెరికాలో షిల్లింజర్ బృందం మధుమేహ రోగుల మీద చేసిన అధ్యయనంలో, డాక్టర్లు చెప్పిన కొత్త విషయాల్లో 12 శాతం విషయంలోనే రోగికి అర్థమైందో లేదో సరిచూసుకున్నారని తేలింది. సరిచూసుకున్న వాళ్ల రోగుల్లో చక్కెర అదుపు మెరుగ్గా ఉంది. దీని నుంచి బలపడిందే తిరిగి చెప్పించే పద్ధతి. "అర్థమైందా?" అని అడిగితే మన దగ్గర ఎవరైనా తల ఊపుతారు. ఆసుపత్రిలో పెద్ద చదువు చదివినవాళ్ల ముందు అర్థం కాలేదని చెప్పడం అమర్యాద అనుకుంటారు. అందుకే ప్రశ్న భారం నర్సు తనమీద వేసుకోవాలి: "అవ్వా, ఇంటికి పోయినాక ఈ మాత్రలు ఎట్లెట్ల ఏసుకుంటావో నాకు చెప్పు. నేను సరిగ్గా చెప్పినానో లేదో నాకు తెలియాల కదా." ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 2011 లెక్కల్లో 60 శాతం దగ్గర, మహిళల్లో సగం దగ్గర ఉంది. అలాంటి చోట ఇంగ్లీషులో అచ్చేసిన డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి పంపడం బోధన కిందికి రాదు.

అయితే బోధన అన్ని రోగాలకూ మందు అని చెప్పే ఉత్సాహాన్ని కూడా కొంచెం అదుపులో పెట్టాలి. మధుమేహ బోధన మీద 2002లో నోరిస్ బృందం చేసిన సమీక్షలో, బోధన అయిన వెంటనే చక్కెర అదుపును చూపే హెచ్‌బీఏ1సీ సగటున 0.76 శాతం మేర తగ్గింది. కొన్ని నెలలకే ఆ తేడా 0.26కు పడిపోయింది. ఒక శాతం మేర తగ్గాలంటే సుమారు 23.6 గంటలు రోగితో గడపాలని వాళ్లు లెక్కగట్టారు. మన ఓపీలో ఒక మనిషికి దొరికే నిమిషాల పక్కన ఈ గంటలను పెట్టి చూడండి. ఒక్కసారి గట్టిగా చెప్పి వదిలేసే పద్ధతి ఓడిపోవడానికి కారణం అక్కడే ఉంది. కొంచెం కొంచెంగా, పదే పదే, ప్రతి కలయికలోనూ చెప్పాలి. అంటే ప్రతిసారీ బీపీ చూసేటప్పుడు, మాత్రలు ఇచ్చేటప్పుడు, కట్టు మార్చేటప్పుడు. మళ్లీ పరిశీలన దగ్గరికే వచ్చాం.

ఏం చెప్పాలన్నది కూడా పరిశీలనలోంచే రావాలి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం, 31 కోట్ల మందికి పైగా అధిక రక్తపోటు ఉన్నాయని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకటించింది. వాళ్లలో మన వాటా మనకుంది. ఓట్స్ తినండి, సలాడ్ తినండి అని రాసిన డైట్ చార్టు ఉయ్యాలవాడలోనో రుద్రవరంలోనో వంటింటి గడప దాటదు. అక్కడ అడగాల్సింది: పొద్దున ఏం తింటారు, జొన్నరొట్టెనా, ఉగ్గానినా? సంగటిలో బియ్యం ఎంత, రాగి ఎంత? ఎర్రకారం, ఊరగాయ రోజూ ఉంటాయా? రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఊరగాయ, అప్పడం, చట్నీలో పడే ఉప్పును లెక్కలోకి తీసుకోకుండా కూరలో తగ్గించమంటే ఫలితం కొద్దిగానే ఉంటుంది. ఇంకో సంగతి, మగ రోగికి చెప్పి పంపితే పని కాదు. వండేది ఎవరో తెలుసుకుని ఆ కోడలినో భార్యనో పిలిపించి చెప్పాలి. కొర్రలు, జొన్నలు ఈ నేలకు కొత్తవి కావు. సోనా బియ్యం కంచం నిండా వచ్చాక అవి వెనక్కి జరిగాయి.

నంద్యాలలో రంజాన్ నెల మరో పరీక్ష. ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న ఊరు. ఉపవాసం ఉంటారా అని ముందే అడిగితే రోగి నిజం చెబుతాడు. ఉండకూడదని ముందే గద్దిస్తే తల ఊపి ఇంటికెళ్లి ఉపవాసం ఉంటాడు. అంతర్జాతీయ మార్గదర్శకాలు చక్కెర 70 కంటే పడిపోయినా, 300 దాటినా ఉపవాసం విరమించాలంటాయి. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే ఉపవాసం చెడదని మత పెద్దలు చెప్పిన సంగతిని కూడా నర్సు గుర్తు చేయగలగాలి. సహరీ, ఇఫ్తార్ వేళలకు మాత్రల వేళలు ఎలా మార్చాలో నెల ముందే డాక్టరుతో మాట్లాడించాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లతో ఫ్రిజ్ గురించి మాట్లాడేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊరిలో, కరెంటు పోయే పల్లెలో, ఫ్రిజ్ లేని ఇంటికి ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పి ఊరుకోకూడదు. సీసా తడవకుండా డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లున్న మట్టికుండలో ఉంచే పద్ధతి చూపించి పంపాలి.

ఇంటి దగ్గర నేర్పడం మనకు కొత్త కాదు. ఒకప్పుడు క్షయ అంటే మదనపల్లె ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో నెలల తరబడి ఉండటమే. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో సగం మందిని శానిటోరియంలో, సగం మందిని ఇంటి దగ్గరే ఉంచి ఏడాది మందులిచ్చారు. ఇరుకు ఇళ్లు, తక్కువ తిండి ఉన్నా ఇంటి వైద్యం దాదాపు సమానంగా పనిచేసిందని 1959లో ప్రకటించారు. ఆ ఫలితం వెనక ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టి, మూత్రం పరీక్షించి, ఇంటివాళ్లతో మాట్లాడిన హెల్త్ విజిటర్ల శ్రమ ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకే నేర్పి ఇంటింటికీ పంపితే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ ప్రచురించింది. అక్కడ చూసిందీ చెప్పిందీ ఒకే మనిషి. ఆ ఫలితానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ నమూనాకు నేటి రూపం గ్రామ సచివాలయాల ఏఎన్ఎంలు, విలేజ్ క్లినిక్‌లలో కూర్చునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు (సీహెచ్ఓలు). రాష్ట్రంలో పదివేలకు పైగా ఉన్న ఈ క్లినిక్‌లలో ఉన్నవాళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివినవారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ పొగాకు, మద్యం, నడుము కొలత, కుటుంబ చరిత్ర అడిగి మార్కులు వేసే సర్వే, తర్వాత బీపీ, షుగర్ పరీక్ష వీళ్ల పనే. ఇంత పెద్ద పరిశీలన ఇంతకు ముందు మన పల్లెల్లో జరగలేదు. కానీ చూపు మనిషి మీద కంటే ట్యాబ్ మీద ఎక్కువుంటోంది. ఎంతమందిని నమోదు చేశారని పైనుంచి అడుగుతారు. నమోదైన వాళ్లలో ఎంతమంది మాత్రలు ఎందుకేసుకుంటున్నారో చెప్పగలరని అడిగితే పని తీరే మారుతుంది. ఆసుపత్రుల్లో సమస్య వేరు. సాధారణ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న లెక్క 1990ల నుంచీ కాగితం మీదుంది. దానికి రెండు మూడు రెట్లు భారం మోస్తున్న నర్సును కూర్చుని మాట్లాడమనడం సులువు, ఆమె చోట నిలబడటం కష్టం. అయినా తిరిగి చెప్పించడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలు. అదే రోగి పది రోజులకు తప్పు మాత్ర వేసుకుని తిరిగొస్తే పట్టే సమయం దానికి ఎన్నో రెట్లు.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, పాత ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. అంతకు చాలా ముందు నుంచే శాంతిరామ్ వైద్య కళాశాల ఉంది. నర్సింగ్ విద్యార్థులకు మంచాలకు కొదవ లేదు. కొరత ఉన్నది నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లే నలభై కిలోమీటర్ల జాతీయ రహదారి మీద. నంద్యాలలో ఆపరేషన్ అయి, ఇన్సులిన్ నేర్చుకుని, నల్లమల అంచున ఉన్న పల్లెకో చెంచు గూడేనికో తిరిగి వెళ్లిన మనిషికి ఏం నేర్పారో, ఏది నేర్పినా రాలేదో అక్కడి సీహెచ్ఓకు తెలిసే దారి లేదు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లుంటాయి, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటుంది. 'సూది తనే వేసుకోగలిగింది, చక్కెర పడిపోయినప్పుడు ఏం చేయాలో రెండుసార్లు చెప్పినా చెప్పలేకపోయింది, కోడలికి చూపించాం' అన్న మూడు ముక్కలు తెలుగులో రాయడానికి అందులో చోటు లేదు. ఆ చోటు కల్పించడానికి కొత్త పథకం, కొత్త యాప్ అక్కర్లేదు. కాగితంలో నాలుగు గీతలు, దాని కింద నర్సు సంతకం, ఊళ్లో ఉన్న సీహెచ్ఓ ఫోన్ నంబరు చాలు.